పని చెయ్యనిదానికి తిండెందుకన్న మాట

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. ఇంట్లో మా ఆయన, నేను, ఏడేళ్ళ పాప, మా అత్త ఉంటాం. సింగడని ఎనిమిదేళ్ళ మగపిల్లి ఉంది. మూడేళ్ళ కిందట పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. అప్పట్నించి ఒళ్ళు చేసి ఇప్పుడు 6 కిలోల 200 గ్రాములు తూగుతున్నాడు. వసారాలో ఎడగారు వడ్లు బస్తాల్లో ఉన్నాయి, ఎలుకలు కొరికేస్తున్నాయి. "కడుపు మాడిస్తే అదే పడుతుంది, పని చెయ్యనిదానికి తిండెందుకు" అని నాలుగు రోజుల కిందట మా ఆయన పిల్లి గిన్నె అటకెక్కించాడు. ఆ రాత్రి నుంచి మా అత్త కొడుకుతో మాట్లాడటం లేదు. తన కంచంలోది తీసి పెరట్లో దానికి పెట్టొస్తోంది, తను సగం కడుపుతో పడుకుంటోంది. మోకాలి ఆపరేషన్ అయినప్పట్నించి ఆమెకి ఆ పిల్లే లోకం. అయినా పిల్లి కోసం ఇంత పంతమా? ఇంతకు ముందు అత్త పొద్దున టీ గ్లాసుడు గేదెపాలు, రాత్రి పాలన్నం పెట్టేది. పాప తన కోడిగుడ్డు పెట్టేది. నేను మధ్యాహ్నం గుప్పెడు ప్యాకెట్ మేత వేసేదాన్ని. ఆదివారం పులుసులో చేపతలకాయ మా ఆయనే పెట్టేవాడు. సింగడు అసలు పట్టడని కాదు, అప్పుడప్పుడు చుంచెలుకని పట్టి అత్త మంచం కింద పెడతాడు, తినడు. మొన్న మా ఆయన ఎలుకల మందు బిళ్ళలు కూడా తెచ్చాడు. నేనేం చెయ్యాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ బిళ్ళల సంగతి. ఇంకా పెట్టకపోతే పెట్టనివ్వకండి, పెట్టి ఉంటే లెక్కపెట్టి అన్నీ తీసేయండి. ఇలాంటి బిళ్ళలు చాలావాటిలో బ్రోమాడియోలోన్ అనే మందు ఉంటుంది. అది రక్తం గడ్డకట్టకుండా చేసి చంపుతుంది. తిన్న ఎలుక అప్పటికప్పుడు చావదు, కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. సింగడికి తేలిగ్గా దొరికేది ఆ ఎలుకే. దాన్ని తింటే విషం వాడికీ ఎక్కుతుంది. ఏడేళ్ళ పాప తిరిగే ఇల్లు కూడా కదా. సింగడికి చిగుళ్ళు పాలిపోయినా, ముక్కులోనో మూత్రంలోనో రక్తం కనిపించినా, ఊరికే డీలాపడినా ఆలస్యం చెయ్యకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఫలానా మందు పెట్టామని చెప్పండి. దానికి విటమిన్ కె తో వైద్యం ఉంది.

రెండోది, ఈ పూటే అటక మీది గిన్నె దింపించండి. లావుగా ఉన్న పిల్లికి తిండి ఉన్నట్టుండి ఆపితే ఒంట్లో కొవ్వంతా కరిగి కాలేయంలో పేరుకుంటుంది. రెండు మూడు రోజులు సరిగ్గా తినకపోయినా చాలు, చెవుల లోపల, చిగుళ్ళ మీద పసుపు తిరగొచ్చు. అది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. సన్నపిల్లి కన్నా లావుపిల్లికే ఈ ప్రమాదం ఎక్కువ. మీ అత్త దొంగచాటుగా పెట్టిన ఆ ముద్దలే నాలుగు రోజులుగా వాణ్ణి కాపాడి ఉంటాయని నా అనుమానం.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. "పిల్లి కోసం ఇంత పంతమా" అన్నారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఆయన మాటని మీ అత్త చెవులతో ఒకసారి వినండి: "పని చెయ్యనిదానికి తిండెందుకు." మోకాలు పోయి, వంటింట్లో నిలబడలేక, కళ్ళంలో కూర్చోలేక, ఎక్కువసేపు మంచం మీదే ఉండే మనిషి ఆ మాట విన్నది. మీ ఆయన పిల్లినే అన్నాడు, అందులో నాకు సందేహం లేదు. ఆమె మాత్రం తనని కూడా అందులో లెక్కేసుకుంది. లేకపోతే ప్యాకెట్ మేత కాదని తన కంచంలోది తీసి పెట్టడమెందుకు? ఒకే కంచం ఇద్దరిదీ అని చెప్తోంది ఆమె. నా దగ్గరికొచ్చే పెద్దవాళ్ళలో ఈ భయం చాలామందికి ఉంటుంది, నోరు తెరిచి చెప్పేవాళ్ళు తక్కువ.

అందుకని "ఒక పిల్లి కోసమా అత్తా" అని మాత్రం ఆమెతో అనకండి. మీ ఆయనతో ఒంటరిగా ఉన్నప్పుడు, తప్పు పడుతున్నట్టు కాకుండా, "ఆ మాట అత్త తన మీదికి తీసుకుందేమో" అని ఒక్కసారి చెప్పండి. ఆయనకి తట్టి ఉండదు. తట్టాక పెద్ద క్షమాపణలేం అక్కర్లేదు. అమ్మ పక్కన పీటేసుకుని కూర్చుని, తనే కంచంలో వడ్డించి, "నువ్వు తిను, వాడికి నేను పెడతా" అంటే సరిపోతుంది. మీ అత్తకి షుగర్ మాత్రలు వేసుకునే అలవాటుంటే ఈ సగం కడుపు ఇంకో రోజు కూడా సాగనివ్వకండి. షుగర్ పడిపోతే కళ్ళు తిరిగి పడతారు, పైగా ఆపరేషనైన మోకాలు.

ఇప్పుడు మీ ఆయన వాదన. ఆకలేస్తేనే పిల్లి ఎలుకని పడుతుందని మన పల్లెల్లో అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. వేట బుద్ధి, ఆకలి వేరువేరుగా పనిచేస్తాయి. ఒక చుంచెలుకలో ఉండేది సుమారు 30 క్యాలరీలు. నాలుగున్నర కిలోల పిల్లికి రోజుకి 200 పైచిలుకు కావాలి, అంటే ఏడెనిమిది ఎలుకలు. ఎన్నో గెంతులు వృథా అయితే గానీ ఒకటి చిక్కదు. కడుపు కాలాకే బయల్దేరితే ఏ పిల్లీ బతకదు, అందుకే నిండు కడుపుతో కూడా వేటాడేలా పుట్టింది. రుజువు మీ ఇంట్లోనే ఉంది. తినకుండా మీ అత్త మంచం కింద పెట్టినవి ఆకలికి పట్టినవి కావు కదా. సింగడు తగ్గింది ఒళ్ళు బరువయ్యే. ఎనిమిదేళ్ళ వయసులో కిలోన్నర అదనపు బరువుతో బస్తా మీదికి ఎగరాలంటే కీళ్ళు ఊరుకోవు. ఈ సంగతి మీ ఆయనకి ఇలాగే చెప్పండి. వాడు సన్నబడితే ఎలుకలూ తగ్గొచ్చు, ఆయన కోరుకున్నదీ అదేగా.

వాడు లావెందుకయ్యాడో మీ లెక్కే చెప్తోంది. టీ గ్లాసుడు గేదెపాలు దగ్గర దగ్గర 100 క్యాలరీలు. రాత్రి పాలన్నం 150 పైన. గుడ్డు 70. గుప్పెడు ప్యాకెట్ మేత 30 గ్రాములనుకున్నా 110. ఆదివారం చేప కలపకుండానే 430 దాటింది, కావలసినదానికి రెట్టింపు. ఆపరేషన్ అయిన పిల్లికి ముందుకన్నా తక్కువ తిండి సరిపోతుంది, ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. నలుగురూ ప్రేమతోనే పెట్టారు, ఒకరు పెట్టింది ఇంకొకరు లెక్కలోకి తీసుకోలేదు, మీతో సహా.

కాబట్టి ఇకపై గిన్నె ఒక్కరి చేతిలోనే ఉండాలి. ఆ ఒక్కరూ మీ అత్తే కావాలని నా గట్టి అభిప్రాయం. ఆమె చేతిలోంచి తిండి పెట్టే పని లాక్కుంటే ఇల్లు చల్లబడదు. పొద్దున్నే మీరు రోజు మొత్తానికీ ప్యాకెట్ మేత 35 నుంచి 40 గ్రాములు తూచి ఒక డబ్బాలో పోసి ఆమెకివ్వండి. దానితోపాటు రెండు వేళ్ళంత ఉడికించిన చేపముక్కో, తోలు తీసిన కోడి ముక్కో. రోజంతా అదే. నాలుగు పూటలుగా కొంచెం కొంచెం పెట్టమనండి, చివరిది పడుకోబోయే ముందు. పిల్లి కడుపు చిన్నది, చిన్న చిన్న ముద్దలే దాని సహజం. పాప గుడ్డు పాపే తినాలి. పాపకి ఆడించే పని ఇవ్వండి, తాడు చివర గుడ్డపీలిక కట్టి పొద్దుగూకేటప్పుడు పది నిమిషాలు గెంతించమనండి.

పాలు మానెయ్యండి. ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. అన్నం కొద్దిగా తింటే విషం కాదు గానీ దానితో బతకదు. పిల్లికి టారిన్ అనే పోషకం మాంసం నుంచే రావాలి, అది చాలకపోతే చూపూ గుండే రెండూ దెబ్బతింటాయి. ప్యాకెట్ మేతలో కలిపే ఉంటుంది, అందుకే దాన్ని మానొద్దంటున్నాను.

ఆదివారం తలకాయ మీ ఆయన మానలేడని నాకు తెలుసు. నెల్లూరు ఇంట్లో పులుసు ఉడుకుతుంటే పిల్లి కాళ్ళకి చుట్టుకోకుండా ఉంటుందా! కానీ పులుసులో ఉల్లిపాయ, వెల్లుల్లి ఉంటే అవి పిల్లి రక్తకణాలని పగలగొడతాయి. పులుసు కలపకముందే ఒక ముక్క తీసి, ఉప్పు లేకుండా విడిగా ఉడికించి, ముల్లు తీసి పెట్టండి, ఆ రోజు లెక్కలో అదే చేపముక్క. పచ్చి నెత్తళ్ళు కూడా పెట్టొద్దు, ఒంట్లో బి1 విటమిన్ని చెడగొడతాయి. ఎండు నెత్తళ్ళలో ఉప్పెక్కువ.

బరువు మీ ఊరి కిరాణా కొట్టు కాటా మీద గంపలో కూర్చోబెట్టి పదిహేను రోజులకోసారి చూడండి. వారానికి 60 గ్రాములు తగ్గితే బాగా తగ్గినట్టే. 4 కిలోల 700 దాకా రావడానికి ఆరు నెలలు పడుతుంది, తొందరపడొద్దు. ఒక రోజంతా తినకపోతే ఆగకుండా డాక్టరుకి చూపించండి. ఎలుకలు పట్టే పిల్లికి బద్దెపురుగులు వస్తాయి, నులిపురుగుల మందు మూడు నెలలకోసారి డాక్టరు చెప్పిన మోతాదులో వేయించండి. మనుషుల మాత్రలేవీ వెయ్యకండి, పారాసెటమాల్ ఒక్కటి చాలు పిల్లిని చంపడానికి.

బస్తాల విషయంలో ఒకటి చూడండి. గోడ వారన పెద్ద కన్నం, బయట మట్టికుప్ప ఉంటే అవి పందికొక్కులు. అంత పెద్దదాని జోలికి ఏ పిల్లీ తేలిగ్గా పోదు, వాణ్ణి తిట్టి లాభం లేదు. బస్తాలు బల్లల మీదికెక్కించి, గోడకి మూరెడు దూరం జరపండి. కన్నాలు గాజుపెంకులు కలిపిన సిమెంటుతో మూయించి, రెండు బోన్లు పెట్టించండి. ఈ పని మీ ఆయనది.

ఈ రాత్రికి మాత్రం ఇవేవీ వద్దు. గిన్నె మీ ఆయన చేతే దింపించి, కడిగించి, అమ్మ చేతికివ్వమనండి.