ఆఫీసులో ‘చైనా’, ‘బీహారీ’ పిలుపులు: అవగాహన సెషన్ పెడితే ఆగుతాయా?

మీ అనంతపురం ఆఫీసులో చేరిన మణిపూర్ అబ్బాయిని ‘చైనా’ అంటున్నారని, నల్లగా ఉన్న అమ్మాయి మీద రంగు జోకులు వేస్తున్నారని, అదేమంటే ‘సరదాకే’ అంటున్నారని రాశారు. ఒక అవగాహన సెషన్ పెడితే మారతారా అని అడిగారు.

పెట్టండి, వద్దనను. దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. నేను ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ టైం ఆఫీసులో పనిచేస్తాను. ప్యాకింగ్ ప్లాంటులో బస్తాలు మోసేది ఎక్కువగా బీహార్, జార్ఖండ్, ఒడిశా పిల్లలే. మాకూ ఎవరినో పిలిపించి క్లాసు చెప్పించారు. స్లైడ్లు, చప్పట్లు, సమోసా. ఆ సాయంత్రం సెకండ్ షిఫ్టులో మళ్లీ ‘ఏయ్ బీహారీ’నే.

కాస్త మార్పు వచ్చింది షిఫ్టు పుస్తకంతో. మేస్త్రి అందులో పేర్లు రాసేవాడు కాదు, ‘బీహార్ 6, ఒడిశా 4’ అని వేసేవాడు. కొత్తగా వచ్చిన ఇన్‌చార్జి మేడం, ఇంటిపేరుతో సహా రాయకపోతే సంతకం పెట్టనన్నారు. రాస్తుంటే ఒక అబ్బాయి ఇంటిపేరు ముర్ము అని తేలింది. ‘రాష్ట్రపతి గారి ఇంటిపేరు కదప్పా!’ అన్నాడు మా ఆపరేటర్. అవును, మేమూ సంతాలీ గిరిజనులమే, మాది జార్ఖండ్‌లో దుమ్కా దగ్గర, బీహార్ కాదు అన్నాడు ఆ అబ్బాయి. బీహార్ నుంచి జార్ఖండ్ వేరుపడింది 2000లో. అప్పటికి అతను పుట్టి కూడా ఉండడు, మేం మాత్రం బీహారీ అంటూనే ఉన్నాం. ఆ తర్వాత ఆపరేటర్ అతన్ని పేరు పెట్టే పిలుస్తున్నాడు.

ఇంతకంటే పెద్దది సెలవుల సంగతి. పండక్కి అందరికీ సమానంగా నాలుగు రోజులు ఇచ్చేవాళ్లం. ప్రొద్దుటూరు మనిషికి అది బ్రహ్మాండం. దుమ్కా వాళ్లకు రైలు ప్రయాణానికే సరిపోతుంది. సంక్రాంతికి వాళ్లు అదనంగా డ్యూటీ చేసేలా, దానికి బదులు ఛఠ్ లాంటి వాళ్ల సొంత పండగలకు ఎక్కువ రోజులు తీసుకునేలా మేడం మార్చారు. మనోళ్లు మొదట గొణిగారు. సంక్రాంతికి ఇంట్లో కూర్చునే వీలు దొరికాక ఆ మాటే ఎత్తలేదు. మీ ఆఫీసులోనూ ఎవరికి ఏ షిఫ్టు, ఎవరికి ఏ సీటు పడుతుందో ఒకసారి లెక్క తీయండి.

‘జాతి వివక్ష అమెరికా గొడవ, మనకెందుకు’ అనేవాళ్లు ఉంటారు. ఐక్యరాజ్య సమితి 1965 నాటి ఒప్పందంలో జాతి వివక్ష అంటే రంగు, వంశం కూడా వస్తాయి. మన దేశం 1968లో దానికి ఒప్పుకుంది. 2014లో ఢిల్లీలో అరుణాచల్ విద్యార్థి నిడో తానియా జుట్టు చూసి వెక్కిరించడంతో మొదలైన గొడవ అతని ప్రాణం తీసింది. పెద్ద నగరాల్లో ఉండే ఈశాన్యం వాళ్ల సమస్యలు చూడటానికి కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేసింది ఆ తర్వాతే. ఇంకా ‘జోకే కదా’ అంటే, హైదరాబాద్‌లో మనది సీమ అనగానే ‘బ్యాగులో బాంబులున్నాయా’ అని అడుగుతారు చూడండి, అది గుర్తుచేయండి.

అన్నట్టు, ఈశాన్యం వాళ్ల గురించి బాగా మాట్లాడేవాళ్లే క్యాంటీన్‌లో కులం చూసుకుని కూర్చోవడం నేను చూశాను. సెషన్‌లో ఆ మాట రాకపోతే వాళ్లకు హాయిగానే గడిచిపోతుంది.

ఆ అమ్మాయి విషయంలో తొందరపడొద్దు. ఆమె పేరెత్తి అందరి ముందు మందలిస్తే, మర్నాటి నుంచి ‘కంప్లైంట్ ఇచ్చింది ఈమే’ అంటారు. ఏం చేస్తే బాగుంటుందో విడిగా ఆమెనే అడగండి. జోకు మీ చెవిన పడితే మాత్రం అప్పటికప్పుడే ‘ఇక్కడ ఆ మాటలొద్దు’ అని మీ మాటగా అనేయండి. ఫిర్యాదు నేరుగా మీకో హెచ్‌ఆర్‌కో చేరే దారి ఉండాలి. మా దగ్గర అది కాంట్రాక్టరు ద్వారానే రావాలి. ఆ పిల్లల జీతం, రూము రెండూ ఆయన చేతిలోనే, ఇక నోరెవరు తెరుస్తారు?