సాకర్ ఆపిస్తే మంచి కాలేజీ వస్తుందా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి టెన్త్ గ్రేడ్. ఏడేళ్ళుగా క్లబ్ సాకర్ ఆడుతోంది, కాలేజీలో కూడా ఆడతానంటోంది. చదవాలనుకుంటున్నది కంప్యూటర్ సైన్స్. వచ్చే ఏడాది ఏపీ క్లాసులు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) ఎక్కువవుతాయి, ఇక ఆట ఆపించేద్దామని మావారు అంటున్నారు. ఇన్నేళ్ళు ఫీజులు కట్టాం కదా, స్కాలర్‌షిప్ అయినా వస్తుందేమోనని నా ఆశ. ఏం చేయమంటారు?

జవాబు: ఆపించకండి. అలాగని స్కాలర్‌షిప్ వస్తుందన్న ఆశతో మాత్రం ఆడించకండి.

ముందు డబ్బు సంగతి చూద్దాం. అమెరికాలో కాలేజీ ఆటలకి మూడు స్థాయిలున్నాయి: అన్నిటికన్నా పైది డివిజన్ వన్, చివరిది డివిజన్ త్రీ. డివిజన్ వన్‌లో అమ్మాయిల సాకర్ జట్టుకి 2024-25 వరకు 14 స్కాలర్‌షిప్‌లే పరిమితి. జట్టులో మాత్రం పాతిక ముప్ఫై మంది ఉంటారు. అందుకని కోచ్‌లు వాటిని ముక్కలు చేసి పంచేవారు: ఒకరికి సగం ఫీజు, ఇంకొకరికి పుస్తకాల ఖర్చు. 2025లో కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత, దానికి ఒప్పుకున్న కాలేజీల్లో ఆ పరిమితి తీసేసి, జట్టులో 28 మందికి మించకూడదన్నారు. ఇప్పుడు అందరికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు, కానీ ఇచ్చి తీరాలని లేదు. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లోనూ, డివిజన్ త్రీలోనూ ఆటకంటూ స్కాలర్‌షిప్పే ఉండదు. అసలు హైస్కూల్లో ఆడే అమ్మాయిల్లో పదోవంతు మంది కూడా కాలేజీ జట్టు దాకా వెళ్ళరు. కట్టిన ఫీజులు కట్టినట్టే అనుకోండి.

మరి ఆట దేనికి పనికొస్తుందంటే, అడ్మిషన్‌కి. ఈ సంగతి మన తెలుగు ఇళ్ళలో చాలామందికి తెలీదు. కార్నెగీ మెలన్, ఎమరీ, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ, ఎన్‌వైయూ ఇవన్నీ సాకర్‌లో డివిజన్ త్రీయే, ఒకే లీగ్‌లో ఆడతాయి. ఎంఐటీ కూడా డివిజన్ త్రీయే. ఇలాంటి చాలా చోట్ల ప్రీ-రీడ్ అని ఒక పద్ధతి ఉంది. లెవెన్త్ అయిపోయిన వేసవిలో, తనకి నచ్చిన పిల్లల మార్కులు, టెస్ట్ స్కోర్లు, ట్వెల్త్‌లో తీసుకోబోయే క్లాసుల లిస్టు కోచ్ అడుగుతారు. అడ్మిషన్స్ ఆఫీసు వాళ్ళు అవి చూసి, ఈ అమ్మాయికి అవకాశం ఉందో లేదో కోచ్‌కి ముందే చెప్తారు. ఉందంటే ఆమె అప్లికేషన్‌కి కోచ్ మద్దతు తోడవుతుంది. సీటు గ్యారంటీ అని ఎవరూ రాసివ్వరు. ఎంఐటీ లాంటి చోట కోచ్ మాటకి బరువు తక్కువ. అయినా వేలమంది ఒకేలాంటి మార్కులతో నిలబడిన క్యూలో ఇది చిన్న విషయం కాదు.

మార్కులు లేకపోతే కోచ్ ఎంత ఇష్టపడినా ఈ ప్రీ-రీడ్ దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఏపీ క్లాసులకి, ఆటకి పోటీ పెట్టకండి. మీవారు కోరుకునే కాలేజీకి ఈ రెండూ కావాలి.

అమ్మాయి కావడం కూడా కలిసొచ్చేదే. చదువుల్లో ఆడ, మగ వివక్ష కూడదన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం వల్ల అమ్మాయిల జట్లు బాగా పెరిగాయి. యూటీ ఆస్టిన్‌లో, టెక్సస్ ఏ అండ్ ఎంలో అమ్మాయిలకి యూనివర్సిటీ సాకర్ జట్టు ఉంది, అబ్బాయిలకి లేదు.

ఇక దారి. టెన్త్ పూర్తయ్యాక జూన్ 15 నుంచి డివిజన్ వన్ కోచ్‌లు మీ అమ్మాయితో నేరుగా మాట్లాడొచ్చు. అంతకుముందు రాసిన ఈమెయిల్‌కి జవాబు రాలేదని టెన్షన్ పడొద్దు, రూల్ ఒప్పుకోదు కాబట్టే రాదు. డివిజన్ త్రీ వాళ్ళకి ఆ అడ్డు లేదు, ఇప్పుడే రాయొచ్చు. ఈమెయిల్ మాత్రం అమ్మాయే రాయాలి. మనం రాస్తే కోచ్‌కి ఇట్టే తెలిసిపోతుంది. ఆటలోని మంచి ఘట్టాలతో నాలుగు నిమిషాల వీడియో, వచ్చే టోర్నమెంట్లలో ఏ మైదానంలో ఎన్ని గంటలకి ఆడుతోందో ఉంటే చాలు. కాలేజీల ఐడీ క్యాంపులకి (కోచ్‌లు పిల్లల ఆట చూసే శిబిరాలకి) రమ్మని వచ్చే ఈమెయిళ్ళలో చాలావరకు వందల మందికి ఒకేసారి పంపేవే. మీ అమ్మాయి ఆట గురించి ఒక్క వాక్యమైనా ఉంటేనే డబ్బు కట్టండి.

డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్లో పూర్తి చేయాల్సిన 16 కోర్ కోర్సుల్లో (ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు లాంటివి) 10 ట్వెల్త్ మొదలయ్యేలోపే పూర్తి కావాలి. ఆ కోర్సుల్లో జీపీఏ కనీసం 2.3 ఉండాలి. మీ అమ్మాయికి ఇది సమస్య కాకపోవచ్చు. కానీ ఆన్‌లైన్‌లో ఏదైనా కోర్సు తీసుకుంటే అది లెక్కలోకి వస్తుందో లేదో స్కూల్ కౌన్సిలర్‌ని ముందే అడగండి.

కాలేజీలో చేరాక అసలు పరీక్ష మొదలవుతుంది. సాకర్ సీజన్ ఫాల్ సెమిస్టర్‌లోనే (ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా). డివిజన్ వన్‌లో సీజన్‌లో వారానికి 20 గంటలకి మించి ఆట పెట్టకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి. వినడానికి బాగానే ఉంది కానీ ప్రయాణాలు ఆ 20 గంటల్లో కలవవు. మీకు దగ్గర్లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ (ఎస్‌ఎంయూ) 2024లో ఏసీసీ అనే లీగ్‌లో చేరింది. అదే లీగ్‌లో దేశానికి చెరో చివర ఉన్న బోస్టన్ కాలేజీ, స్టాన్‌ఫర్డ్ కూడా ఉన్నాయి. కంప్యూటర్ సైన్స్ ప్రాజెక్టు విమానంలో కూర్చుని సబ్మిట్ చేయాల్సి వస్తుంది. ఫాల్‌లో 12 క్రెడిట్లతో సరిపెట్టుకుని, బరువైన కోర్సులు స్ప్రింగ్‌కి నెట్టడం చాలామంది చేసే పని. డివిజన్ వన్‌లో రెండో ఏడాది చివరికి డిగ్రీలో 40 శాతం పూర్తి చేయకపోతే ఆడనివ్వరు, అందుకని మధ్యలో మేజర్ మార్చడం కూడా కష్టమే.

చాలా కాలేజీల జట్టు వెబ్‌సైట్లో ప్రతి ఆటగత్తె పేరు పక్కన మేజర్ ఉంటుంది. అక్కడ కంప్యూటర్ సైన్స్ వాళ్ళు ఎంతమందో లెక్కపెట్టమనండి. ఒక్కరూ లేకపోతే ఎందుకు లేరో ఆ జట్టు అమ్మాయిల్నే అడగమనండి, కోచ్‌ని కాదు.

ఇంకో ప్రశ్న తనని తనే వేసుకోవాలి. అమ్మాయిల సాకర్‌లో మోకాలి ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) గాయాలు ఎక్కువ. మొదటి ఏడాదే మోకాలు పోయి ఆట ఆగిపోతే, ఆ కాలేజీలోనే చదువుకోవాలనిపిస్తుందా? అనిపించదంటే ఆ కాలేజీని పక్కన పెట్టేయమనండి.

ఈ వారం తనతో ఇరవై కాలేజీల లిస్టు రాయించండి. లెవెన్త్‌లో ఏపీలు ఐదు కాకుండా మూడో నాలుగో చాలు, స్ప్రింగ్‌లో టోర్నమెంట్ల తాకిడి ఉంటుంది. ఆ లిస్టు మీవారికి చూపించండి. అందులో కార్నెగీ మెలన్ పేరు కనబడ్డాక ఆయన మళ్ళీ ఆపించేద్దామంటే నాకు రాయండి.