ప్రోస్టేట్ తీసేశాక మూత్రం ఆగడం లేదు.. మళ్లీ ఆపరేషన్ చేస్తే తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 66. మాది పరకాల. ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్‌లో గ్రంథి మొత్తం తీసేశారు. 14 నెలలైంది. పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ జాడ చూపే రక్తపరీక్ష) బాగానే ఉంది, రేడియేషన్ ఇవ్వలేదు. కానీ దగ్గినా, కుర్చీలోంచి లేచినా మూత్రం పడిపోతోంది. రోజుకు నాలుగైదు ప్యాడ్లు మారుస్తున్నా. హన్మకొండకు బస్సెక్కాలంటేనే టెన్షన్. పెళ్లిళ్లకు పోవడం మానేశాను, నీళ్లు తాగడం కూడా తగ్గించాను. వ్యాయామాలు చేసినా గుణం లేదు. షుగర్ ఉంది. ఇంకో ఆపరేషన్‌తో తగ్గుతుందని ఒకరన్నారు. నిజమేనా?

జవాబు: నిజమే. వయసైపోయింది, సర్దుకుపొమ్మని ఇంట్లోవాళ్లు అంటుంటే ఆ మాట పట్టించుకోకండి. ఇది వయసుతో వచ్చింది కాదు. మూత్రాన్ని పట్టి ఉంచే కండరం ఒకటి మూత్రాశయం మెడ దగ్గర, ఇంకొకటి ప్రోస్టేట్‌కు కింద ఉంటాయి. గ్రంథిని తీసేసినప్పుడు పైదాని పని చాలావరకు పోతుంది. మొత్తం భారం కిందిదాని మీద పడుతుంది. అది బలహీనంగా ఉంటే దగ్గు, తుమ్ముకే మూత్రం జారిపోతుంది. చాలామందిలో ఏడాదిలోపు సర్దుకుంటుంది కాబట్టే ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగమంటాం. మీకు ఆ గడువు దాటింది. ఇక ఊరికే ఎదురుచూడటంలో అర్థం లేదు.

నీళ్లు మాత్రం తగ్గించకండి. మూత్రం చిక్కబడి మంట, ఇన్ఫెక్షన్ వస్తే లీక్ ఇంకా పెరుగుతుంది. తగ్గిస్తే టీ, కాఫీ తగ్గించండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఇంట్లోనే ఒక పని చేయండి. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా మీద పొడి ప్యాడ్ బరువు చూసి రాసుకోండి. ఒక రోజంతా, అంటే 24 గంటల్లో, తీసేసిన ప్రతి తడి ప్యాడ్‌నూ కవర్లో కట్టి తూయండి. పొడి బరువు తీసేస్తే మిగిలేది మీ లీక్. ఒక గ్రాము దాదాపు ఒక మిల్లీలీటరు. రోజుకు నాలుగు ప్యాడ్లంటే ఒకరికి వంద గ్రాములు కావచ్చు, ఇంకొకరికి అరకిలో కావచ్చు. ఏ ఆపరేషన్ అన్నది చాలావరకు ఈ లెక్క మీదే తేలుతుంది.

లీక్ తక్కువ నుంచి ఓ మోస్తరుగా ఉండి, రేడియేషన్ తీసుకోని వారికి స్లింగ్ సరిపోతుంది. వృషణాల వెనుక చిన్న కోత పెట్టి, మూత్రనాళం కింద ఒక మెష్ పట్టీ వేసి పైకి లాగి బిగిస్తారు. నొక్కాల్సింది, తిప్పాల్సింది ఏమీ ఉండదు. లీక్ సుమారు 400 గ్రాములు దాటితే మాత్రం స్లింగ్ మీద నాకంత నమ్మకం లేదు.

అలాంటి వారికి కృత్రిమ స్ఫింక్టర్, అంటే మూత్రాన్ని పట్టి ఉంచే కండరం పని చేసిపెట్టే పరికరం మేలు. 1970ల నుంచి వాడుకలో ఉన్న పరికరమే. బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ లాంటి చిన్న కఫ్‌ను మూత్రనాళం చుట్టూ అమరుస్తారు. సెలైన్ నింపిన బెలూన్ పొట్టలో, చిన్న పంపు వృషణాల సంచిలో ఉంటాయి. మూత్రం వచ్చినప్పుడు చర్మం మీద నుంచే పంపును నాలుగైదు సార్లు నొక్కితే కఫ్ వదులై మూత్రం వస్తుంది. మూడు నాలుగు నిమిషాల్లో దానంతటదే మూసుకుంటుంది. అందుకే వేళ్లలో పట్టు ఉండాలి. షుగర్ వల్ల మీ చేతులకు తిమ్మిర్లుంటే ముందే చెప్పండి. ఆపరేషన్ అయ్యాక దాదాపు ఆరు వారాలు పరికరాన్ని ఆన్ చేయరు. అన్నాళ్లూ లీక్ ఉంటుంది. ఆపరేషన్ ఫెయిలైందని చాలామంది కంగారు పడేది అప్పుడే.

పూర్తిగా పొడిగా ఉంటానని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. బ్రిటన్‌లో ఈ రెండింటినీ పోల్చి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది తర్వాత కూడా ఎక్కువ మంది కొంత లీక్ ఉందనే చెప్పారు. అయితే ఇబ్బంది మాత్రం రెండు వర్గాల్లోనూ బాగా తగ్గింది. నాలుగైదు ప్యాడ్ల నుంచి ఒక్క పల్చని ప్యాడ్‌కు వస్తే బస్సు ప్రయాణం, పెళ్లి భోజనం రెండూ కుదురుతాయి. కృత్రిమ స్ఫింక్టర్‌కు ఇన్ఫెక్షన్ వచ్చే, కఫ్ నాళాన్ని కోసుకుపోయే ప్రమాదం కొంత ఉంది. కొన్నేళ్లకు పాడైతే మళ్లీ మార్చాలి. అందుకే షుగర్‌ను ముందు అదుపులోకి తేవాలి. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి. కుట్టు వేసిన చోట నాళం సన్నబడిందేమో దుర్బీనుతో చూడటం, మూత్రం పోశాక ఎంత మిగులుతోందో స్కాన్ చేయడం కూడా తప్పనిసరి.

ఖర్చు విషయానికొస్తే కృత్రిమ స్ఫింక్టర్ లక్షల్లో ఉంటుంది. స్లింగ్ దానికన్నా తక్కువ. తేదీ ఖాయం చేసుకునే ముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను, మీ ఇన్సూరెన్స్ వాళ్లను ఏది వర్తిస్తుందో అడగండి. సర్జన్‌ను కూడా ఇలాంటివి ఎన్ని చేశారని అడగండి, మొహమాటపడొద్దు.

ఒకవేళ స్ఫింక్టరే పెట్టించుకుంటే, ఆ సంగతి రాసిన కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి, ఇంట్లోవాళ్లకూ తెలియాలి. రేపు ఏ యాక్సిడెంట్‌కో, గుండె నొప్పికో ఎమర్జెన్సీలో చేర్చితే, కఫ్‌ను తెరిచి లాక్ చేయకుండా మూత్రనాళంలోకి కాథెటర్ (మూత్రం పైపు) గుచ్చితే నాళం చీలే ప్రమాదం ఉంది. ‘ముందు యూరాలజిస్టును పిలవండి’ అని చెప్పడం మీ పక్కనున్న మనిషికి రావాలి.