ఫోటోలు జిప్ చేసినా సైజు ఎందుకు తగ్గదు?

గాజువాక నుంచి ఒకరు అడిగారు: ఇంటి కాగితాల స్కాన్లు, ఫోటోలు కలిపి 30 ఎంబీ ఉన్నాయి, జిప్ చేసినా 29 దగ్గరే ఆగింది, జీమెయిల్‌లో వెళ్లడం లేదు, ఏం చేయాలి?

జిప్ చేసే పని ముఖ్యంగా ఇది: ఫైల్లో మళ్లీ మళ్లీ వచ్చే భాగాలను ఒకసారి రాసి, మిగతాచోట్ల "పైన ఉన్నదే" అని గుర్తు పెట్టడం. అందుకే టెక్స్ట్ ఫైళ్లు బాగా తగ్గుతాయి. జేపెగ్ ఫోటో ముందే కుదించి ఉంటుంది, ఇంకా పిండటానికి పెద్దగా ఏమీ మిగలదు. స్కాన్ చేసిన పీడీఎఫ్ లోపల ఉండేవీ సాధారణంగా అలాంటి ఫోటోలే.

కాబట్టి మొదట్లోనే తగ్గించాలి. ద్వారకానగర్‌లోనో మరెక్కడో స్కాన్ చేయించేటప్పుడు 600 డీపీఐ (అంటే అంగుళానికి 600 చుక్కలు) వద్దు, 200 చాలని చెప్పండి. పొడవులో, వెడల్పులో చుక్కలు మూడో వంతు అవుతాయి గనుక మొత్తం చుక్కలు (పిక్సెళ్లు) తొమ్మిదో వంతుకు పడిపోతాయి. మామూలు అక్షరాలు మాత్రం హాయిగా చదవొచ్చు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ అయినా, మెయిల్లో వెళ్లేటప్పుడు ఫైలు అక్షరాల రూపంలోకి మారి దాదాపు మూడో వంతు పెరుగుతుంది. 18 ఎంబీ దాటకపోతే టెన్షన్ ఉండదు. ఒరిజినల్ ఫైలే కావాలంటే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపండి, తెరిచే పర్మిషన్ ఇచ్చారో లేదో ఒకసారి చూసుకోండి.