మినీ ఎక్స్‌కవేటర్ ట్రైలర్ తగిలిస్తే పికప్ ముందు లేస్తోంది, హిచ్ మారిస్తే సరిపోతుందా?

పలమనేరు నుంచి తిరుపతికి 1,700 కిలోల మినీ ఎక్స్‌కవేటర్‌ను 600 కిలోల ట్రైలర్ మీద లాగాలి, తగిలించగానే పికప్ ముందు లేచి స్టీరింగ్ తేలికవుతోంది, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ట్రైలర్ బరువును పంచే తగిలింపు) వేయించమంటారా అని అడిగారు. వేయించండి. కానీ అంతకంటే ముందు మిషన్‌ను ట్రైలర్ మీద ఎక్కడ నిలబెట్టారో చూడండి. ఆ హిచ్ బండి లాగుడు పరిమితిని ఒక్క కిలో కూడా పెంచదు. పికప్ వెనక ఇరుసు మీద పడ్డ భారంలో కొంత ముందు చక్రాలకు, కొంత ట్రైలర్ చక్రాలకు పంచుతుంది, అంతే.

మొత్తం 2,300 కిలోల్లో 10 నుంచి 15 శాతం, అంటే 230-345 కిలోలు కప్లర్ మీద, అంటే ట్రైలర్ ముక్కు చివర పికప్ బాల్‌కు తగిలే భాగం మీద పడాలి. వేబ్రిడ్జి మీద ముందు పికప్‌ను ఒక్కదాన్నే తూచండి. తర్వాత ట్రైలర్ తగిలించి, స్ప్రింగ్ బార్లు (హిచ్ నుంచి ట్రైలర్ ఫ్రేముకు బిగించి బరువు పంచే కడ్డీలు) బిగించకుండా, ట్రైలర్ చక్రాలు కాటా బయట ఉండేలా మళ్లీ తూచండి. ఆ తేడాయే కప్లర్ మీది బరువు. కప్లర్ నుంచి ట్రైలర్ ఇరుసుకు 3 మీటర్లుంటే, మిషన్‌ను 15 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే చాలు, కప్లర్ మీద 85 కిలోలు తగ్గిపోతుంది. జానెడు కూడా కాదు! సరైన చోటు దొరికాక ట్రాకుల పక్కన పెయింట్‌తో గీత గీసుకోండి. ఇంజను, కౌంటర్‌వెయిట్ మిషన్ వెనక వైపే ఉంటాయి కనుక మిషన్‌ను రెండోవైపుకు తిప్పి ఎక్కిస్తే ఆ గీత పనికిరాదు. బకెట్‌ను నేలకు దించి, నాలుగు మూలలా గొలుసులు కట్టి, బకెట్‌కు విడిగా ఇంకొకటి కట్టాలి.

ఇక బిగింపు. చదును నేల మీద ముందు చక్రం పైన ఫెండర్ అంచు ఎత్తు కొలవండి. ట్రైలర్ లేనప్పుడు 85 సెంటీమీటర్లుండి, తగిలించాక 89 అయిందనుకోండి. బార్లు బిగించాక 87కో అంతకంటే కిందికో రావాలి, 85 కంటే దిగకూడదు. అతిగా బిగిస్తే వెనక చక్రాలకు పట్టు పోతుంది, వానలో జారతాయి. బార్లు ఎక్కించేటప్పుడు, విప్పేటప్పుడు కప్లర్ బాల్‌కు లాక్ అయి ఉండగానే జాకీతో ట్రైలర్ ముక్కును, పికప్ వెనక భాగాన్ని కలిపి పైకి లేపండి. లేపకుండా బలవంతంగా తీస్తే బార్ ఎగిరి మోకాలి చిప్ప పగలగొడుతుంది. సేఫ్టీ చైన్లు కప్లర్ కింద అడ్డంగా దాటించి తగిలించండి. ఓవర్‌రన్ బ్రేకు (పికప్ వేగం తగ్గినప్పుడు ట్రైలర్ ముందుకు తోసే బలంతో పడే బ్రేకు) ఉన్న ట్రైలరైతే, బార్ల బిగువుకు జారే కప్లర్ పట్టేసి బ్రేకు పనిచేయకపోవచ్చు. రెండూ కలిసి పనిచేస్తాయో లేదో తయారీదారుల పుస్తకంలో చూడకుండా కొనొద్దు.

కప్లర్ బరువు 10 శాతం కంటే తగ్గితే మాత్రం ఏ హిచ్చూ కాపాడదు. మొగిలి ఘాట్ దిగేటప్పుడు ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. అప్పుడు స్టీరింగ్ తిప్పి సరిచేయబోకండి, పికప్ బ్రేకు గట్టిగా తొక్కకండి. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ సూటిగా పట్టుకోండి. ట్రైలర్‌కు ఎలక్ట్రిక్ బ్రేకు ఉంటే చేత్తో దాన్నొక్కదాన్నే కొద్దిగా వేయండి. ఘాట్ పైనుంచే చిన్న గేరులో దిగితే చాలావరకు అంత దూరం రాదు.

ట్రాక్టర్‌తో లాగేవాళ్లకు ఈ హిచ్ పనికిరాదు. ముందు బంపర్‌కు బరువులు వేయించుకుని, వెనక ఇరుసు కంటే కిందుండే డ్రాబార్‌కే (లాగుడు కడ్డీకే) తగిలించండి. పైలింక్‌కు (ట్రాక్టర్ వెనక పనిముట్లు తగిలించే మూడు కడ్డీల్లో పైదానికి) కట్టి లాగితే ఎక్కుడులో ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది.