ఏ రామ్మూర్తి? ఏ సత్యం?

ఆగస్టు సంచికలో గిడుగు వారి గురించి ఒక జవాబు ఇచ్చాం కదా, దాని మీద వచ్చిన ఉత్తరాలు చూస్తే చాలామందికి ఒకే రకం సందేహం. పేరు ఒకటే, మనుషులు ఇద్దరు ముగ్గురు, ఎవరు ఏం చేశారో కలిసిపోతోంది. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే ఇచ్చేశాను.

ప్రశ్న: తెలుగు భాషా దినోత్సవం రోజు మా బడిలో క్విజ్ పెట్టాం. "శ్రీకాకుళం జిల్లా గర్వించే రామ్మూర్తి గారి ఇంటిపేరు ఏమిటి?" అని అడిగితే సగం మంది పిల్లలు గిడుగు అన్నారు, మిగతావాళ్లు కోడి అన్నారు. ఎవరికి మార్కులు వేయాలో తేలక స్టాఫ్ రూములో పెద్ద చర్చే జరిగింది. మీరే చెప్పండి.
– ఒక టీచర్, ఆమదాలవలస

జవాబు: ఇద్దరికీ వేసేయండి మేడమ్. ప్రశ్నలోనే లోపం ఉంది, పిల్లల తప్పేమీ లేదు.

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరం మహారాజా వారి బడిలో గురజాడతో కలిసి చదువుకుని, పర్లాకిమిడిలో పంతులుగా చేరి, వాడుక భాషలోనే పుస్తకాలూ పాఠాలూ ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజునే మనం భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు గానీ సవర భాష కోసం ఆయన పడ్డ కష్టం దీనికి ఏమాత్రం తక్కువ కాదు. కొండల్లోని సవరల మాట నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే పాఠాలు రాసి, 1931లో సవర భాషకు వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువు తెచ్చారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయినప్పుడు, అన్నేళ్లు బతికిన ఊరిని వదిలి ఇటు వచ్చేశారు. 1940లో పోయారు.

కోడి రామమూర్తి నాయుడు గారిది వీరఘట్టం. మల్లయోధుడు, కలియుగ భీముడని బిరుదు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులను ఊపిరి బిగించి తెంపడం, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకోవడం, ఇలాంటివి జనం కళ్లెదుటే చేసి చూపించారు. విజయనగరంలో వ్యాయామం నేర్చుకుని, సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా తిరిగి, దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1942లో కన్నుమూశారు. శ్రీకాకుళంలో మన పిల్లలు పరుగులు తీసే స్టేడియం ఆయన పేరు మీదిదే. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది.

అంటే ఒకే కాలంలో, పక్కపక్క ప్రాంతాల్లో ఇద్దరు రామమూర్తులు, ఒకరు నోటి మాటకు బలం ఇస్తే ఒకరు ఒంటి బలానికి పేరు తెచ్చారు. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమని పిల్లలను అడగటం నాకు బాధగానే ఉంది.

మీ స్టాఫ్ రూములో ఎవరైనా "వీరఘట్టం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది, కాబట్టి గిడుగు ఒక్కటే కరెక్టు" అని వాదించవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి మ్యాపు అలా మారిన మాట నిజమే. కానీ వాళ్లిద్దరూ పుట్టేనాటికి శ్రీకాకుళం జిల్లాయే లేదు, అది 1950లో వచ్చింది. వచ్చే ఏడాది ప్రశ్నలో ఇంటిపేరు మీరే ఇచ్చి, ఆయన ఏం చేశారో అడగండి. పిల్లలకు ఒక ప్రశ్నకు రెండు జీవితాలు తెలుస్తాయి.

ప్రశ్న: వెంపటాపు సత్యం, వెంపటి చినసత్యం ఒకరేనా? ఫోన్లో వెతికితే ఒకరి గురించి చదువుతుంటే ఇంకొకరి ఫొటో వస్తోంది.
– డిగ్రీ విద్యార్థి, పార్వతీపురం

జవాబు: కాదు బాబూ, అస్సలు కాదు. మీ ఊరి కుర్రాడు ఈ ప్రశ్న అడగాల్సి రావడం నాకు నిజంగా కష్టంగా ఉంది, ఎందుకంటే వెంపటాపు సత్యం పనిచేసింది మీ కొండల్లోనే. బడిపంతులుగా గిరిజనుల మధ్యకు వెళ్లి, అప్పుల కింద భూములు పోగొట్టుకుని పాలేర్లుగా మారిన వాళ్లను సంఘంగా కూడగట్టారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపి, కోరన్న, మంగన్న అనే ఇద్దరిని చంపారు. ఆ తర్వాతే శ్రీకాకుళం పోరాటం సాయుధ బాట పట్టింది. 1970 జులై 10న సత్యం, ఆయన సహచరుడు ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో మరణించారు. ఆ బాట సరైనదా కాదా అని మీ ఇంట్లోనే రెండు అభిప్రాయాలు ఉండవచ్చు, కానీ ఆయన ఎవరో తెలియకుండా ఆ వాదన చేయలేం కదా.

వెంపటి చినసత్యం గారిది కృష్ణా జిల్లా కూచిపూడి. 1929లో పుట్టి 2012లో పోయారు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, ఆ నాట్యాన్ని ప్రపంచమంతా తిప్పిన గురువు. మరి "చిన" ఎందుకంటే వెంపటి వారింట్లోనే ఇంకో సత్యం ఉన్నారు, సినిమాలకు నాట్యం సమకూర్చిన పెదసత్యం. ఇంటిపేరు కూడా ఒకటే అయినప్పుడు మన పెద్దవాళ్లు పెద, చిన అని తేడా చూపించేవారు.

నాలుగో సత్యం కూడా ఉన్నారు, ఆయనా మీ వైపు వారే. తెలుగు, కన్నడ సినిమాలకు బాణీలు కట్టిన సంగీత దర్శకుడు చెళ్లపిళ్ల సత్యం, పార్వతీపురం పక్క గుణానుపురంలో పుట్టారు. ఫోన్ చెప్పినదాన్ని నమ్మకుండా ఇంటిపేరు మొత్తం కొట్టి వెతుకు, పక్కన ఊరి పేరు కూడా వెయ్యి.

ప్రశ్న: మా అబ్బాయికి క్రికెట్ పిచ్చి. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన ఇండియా టీముకు విజయనగరం మహారాజు ఆనంద గజపతి కెప్టెన్ అని ఎక్కడో చదివాడు. గురజాడ వారిని ఆదరించిన ఆనంద గజపతి, ఈయన ఒకరేనా?
– గృహిణి, విజయనగరం, కంటోన్మెంట్

జవాబు: ఒకరు కాదమ్మా. గురజాడ వారి ప్రభువు ఆనంద గజపతిరాజు 1850లో పుట్టి 1897లో పోయారు. 'కన్యాశుల్కం' మొదటి కూర్పు అచ్చయింది ఆ 1897లోనే. క్రికెట్ ఆడిన ఆయన 1905లో పుట్టారు, పేరు విజయానంద గజపతిరాజు, లోకం పిలిచిన పేరు విజ్జీ. పైగా ఆయన మహారాజు కారు, మహారాజకుమార్. రాజ్యం అన్నగారిది. 1936 పర్యటనలో మూడు టెస్టులకు కెప్టెన్సీ చేసి మొత్తం 33 పరుగులు చేశారు, రెండు టెస్టులు ఓడిపోయాం, ఒకటి డ్రా. లాలా అమర్‌నాథ్ అంతటి ఆటగాడిని మధ్యలో ఇంటికి పంపేసిన టూరు కూడా అదే. ఆ నిర్ణయాన్ని నేను సమర్థించలేను. అయితే తర్వాత క్రికెట్ బోర్డు అధ్యక్షుడిగానూ, రేడియో వ్యాఖ్యాతగానూ ఆటతోనే గడిపారు, 1958లో పద్మభూషణ్ వచ్చింది, 1965లో మరణించారు.

పూసపాటి వారింట్లో ఈ గందరగోళం సహజం, ఎందుకంటే తాత పేరు మనవడికి పెట్టుకుంటూ వచ్చారు. విజయరామ అనే పేరే తీసుకోండి. పెద విజయరామరాజు 1757 బొబ్బిలి యుద్ధం ముగిసిన రోజుల్లో తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయారు. చిన విజయరామరాజు 1794 జులై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీతో పోరాడి ప్రాణం ఇచ్చారు. 1857లో బడి పెట్టిన విజయరామ గజపతి ఇంకొకరు, ఆ బడే 1879లో మహారాజా కాలేజీ అయింది. ఇక మన తాతల కాలం వాళ్లకు తెలిసిన పీవీజీ రాజు గారి పూర్తి పేరు కూడా పూసపాటి విజయరామ గజపతిరాజే. సోషలిస్టు, మంత్రిగా చేశారు, 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటలో కాలేజీలు నడిచేలా చేశారు. వాళ్ల పెద్దబ్బాయి మళ్లీ ఆనంద గజపతిరాజు, మంత్రిగా ఎంపీగా చేసి 2016లో పోయారు. బడి పెట్టింది ఎవరో, పద్మనాభంలో పడిపోయింది ఎవరో తెలియకుండా "రాజుగారు" అని ఒక్క మాటతో సరిపెడితే ఆ ఊళ్లో పెరిగిన పిల్లలకు అన్యాయమే.

ఇంకొక విషయం చెప్పాలి, మీ అబ్బాయికి నచ్చుతుంది. మాక్స్ ముల్లర్ అచ్చు వేసిన రుగ్వేదం రెండో కూర్పు (1890–92) ఖర్చు భరించింది మొదటి ఆనంద గజపతే. పుస్తకం మీద ఇంగ్లిషులో "విజయనగర" మహారాజు అని ఉంటుంది, అది చూసి హంపీ అనుకునేరు. మన కోట ఉన్న విజయనగరమే.

ప్రశ్న: చాగంటి సోమయాజులు గారు శంకరాభరణంలో నటించారా? మా వారు అవునని పందెం కాస్తున్నారు.
– చీపురుపల్లి పాఠకురాలు

జవాబు: మీ వారు ఓడిపోయారు. నటించింది జొన్నలగడ్డ వెంకట సోమయాజులు, జేవీ సోమయాజులు. శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం వారు, రెవెన్యూలో డిప్యూటీ కలెక్టరుగా చేస్తూ నాటకాలు వేసేవారు. తమ్ముడు రమణమూర్తి గిరీశం, ఈయన రామప్ప పంతులుగా వేసిన కన్యాశుల్కం చూసినవాళ్లు మన వైపు ఇంకా ఉన్నారు. చాగంటి సోమయాజులు అంటే చాసో, 1915లో శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో స్థిరపడిన కథకుడు. 'ఎందుకు పారేస్తాను నాన్నా' కథ చదివించండి మీ వారిచేత. చదువు మానాల్సి వచ్చిన ఆ పిల్లవాడి దుఃఖం అర్థమైతే, ఈ సోమయాజులును ఇంకెప్పుడూ ఎవరితోనూ కలపరు.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. సుబ్బారావులు ఎంతమంది సార్! టెన్షన్ వచ్చేస్తోంది.
– రాజాం

జవాబు: పని పట్టుకుని గుర్తుపెట్టుకో, పేరు పట్టుకుని కాదు. మందులు కనిపెట్టింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ, అమెరికాలో ఫోలిక్ ఆమ్లం మీద, క్యాన్సరు మందుల మీద పనిచేసి 1948లో పోయారు. ఒక శిలీంధ్రానికే ఆయన పేరు పెట్టారు, సుబ్బరోమైసిస్ అని. కోకా సుబ్బారావు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్న గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చి, 1967లో పదవి వదిలేసి రాష్ట్రపతి ఎన్నికల్లో జాకిర్ హుస్సేన్ మీద పోటీ చేసి ఓడిపోయారు. కవులు రాయప్రోలు, ఎంకి పాటల నండూరి, నాయని. సినిమా దర్శకుడు ఆదుర్తి. ఇలాగే నారాయణరెడ్డి అంటే జ్ఞానపీఠం సి.నారాయణరెడ్డి, తెలంగాణ సాయుధ పోరాటం రావి నారాయణరెడ్డి. రాజేశ్వరరావులు ఇద్దరు, ఒకరు సాలూరు పక్క శివరామపురం నుంచి వెళ్లిన సంగీత దర్శకుడు సాలూరి వారు, ఇంకొకరు సీపీఐ ప్రధాన కార్యదర్శిగా పాతికేళ్లకు పైగా ఉన్న చండ్ర వారు. పరీక్షలో ఇంటిపేరు లేకుండా ప్రశ్న రాదు, ధైర్యంగా ఉండు.

ప్రశ్న: అన్నీ మగవాళ్ల పేర్లేనా? ఆడవాళ్లలో ఇలా ఎవరూ లేరా?
– నర్సు, టెక్కలి

జవాబు: ఉన్నారమ్మా, అడిగి మంచి పని చేశారు. గాయని ఎస్.జానకి, నటి షావుకారు జానకి ఇద్దరూ తెలిసే ఉంటారు. గాయనిది శిష్ట్లా వారి ఇల్లు, నటిది శంకరమంచి వారి ఇల్లు, ఇంగ్లిషు పొడి అక్షరం వేస్తే ఇద్దరూ ఎస్.జానకే. 1950లో వచ్చిన 'షావుకారు' సినిమా పేరు నటి ముందు చేరి కలిసిపోకుండా కాపాడింది. మన విజయనగరం ఆడపడుచు సుశీల గారు పులపాక వారి అమ్మాయి. ఢిల్లీలో కేంద్ర ఆరోగ్య మంత్రిగా చేసిన డాక్టర్ సుశీలా నయ్యర్ వేరు. ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది, పెళ్లితో ఇంటిపేరు మారిపోతే పాత పుస్తకాల్లోనూ కొత్త పుస్తకాల్లోనూ ఒకే మనిషి ఇద్దరిలా కనిపిస్తుంది. అందుకే ఆడవాళ్ల గురించి రాసేటప్పుడు పుట్టింటి పేరు కూడా రాయమని మా దగ్గర రాసేవాళ్లందరికీ చెబుతుంటాను.

ప్రశ్న: మా మావయ్యగారి పేరు అప్పలనాయుడు. ఆయన పోయాక పుట్టిన మనవడికి అదే పేరు పెట్టాలని అత్తయ్య పట్టు. మా వీధిలోనే అప్పలనాయుళ్లు చాలామంది ఉన్నారు, రేపు బ్యాంకులో, ఆధార్‌లో ఇబ్బంది అవుతుందని మా ఆయన భయం. ఏం చేయమంటారు?
– నెల్లిమర్ల

జవాబు: పెట్టండమ్మా, నిశ్చింతగా పెట్టండి. సింహాచలం అప్పన్నకు మొక్కుకుని అప్పన్న, అప్పలనాయుడు, అప్పారావు, సింహాచలం, అరసవల్లికి మొక్కుకుని సూర్యనారాయణ, శ్రీకూర్మానికి కూర్మారావు, పైడితల్లికి పైడిరాజు, ఇవి మన నేల పేర్లు. రచయిత అట్టాడ అప్పల్నాయుడు గారిని ఎవరైనా ఇంకొకరనుకుంటున్నారా? ఇంటిపేరు అడ్డంగా నిలబడింది కదా.

చేయాల్సిందల్లా ఇంతే. బాబు పేరు పక్కన మీకు నచ్చిన ఇంకో పేరు కలపండి, తాత పేరూ ఉంటుంది, బడిలో పిలవడానికి వేరే పేరూ ఉంటుంది. ఇంటిపేరును పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి, అదీ జనన ధ్రువపత్రం దగ్గర నుంచే. పుట్టిన 12 నెలల లోపు ఆ పత్రంలో పేరు చేర్పించుకుంటే ఆలస్య రుసుము ఉండదు, ఆ తర్వాత కూడా రుసుము కట్టి 15 ఏళ్ల వరకు చేర్పించవచ్చు. ఆధార్‌లో, బడి రిజిస్టరులో అక్షరం తేడా లేకుండా అదే స్పెల్లింగు ఉండేలా చూసుకోండి. పదో తరగతి సర్టిఫికెట్లో తప్పు పడితే దిద్దించుకోవడం కష్టం, కాబట్టి పరీక్షకు వివరాలు పంపేటప్పుడే మీ ఆయన్ను ఒకసారి బడికి వెళ్లి చూసి రమ్మనండి.