టెక్ సందేహాలు: కారు షెడ్డును అద్దె పోర్షన్‌గా మారుస్తుంటే

ప్రశ్న: ఇంటి పక్క కారు షెడ్డును గది, వంటగది, బాత్రూంతో అద్దెకిద్దామని పని మొదలుపెట్టాం. హాల్లోని వైఫై అక్కడ ఒక్క గీతే చూపిస్తోంది. రిపీటర్ కొంటే సరిపోతుందా? ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు. (పాఠకుడు, అనంతపురం)

జవాబు: వద్దు. రిపీటర్ తనకు అందిన సిగ్నల్‌నే మళ్లీ పంపుతుంది. అందేదే ఒక్క గీతైతే అది పంపేదీ అంతే. చవక రకాలు ఒకే రేడియోతో వినాలి, పంపాలి కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. మన వైపు పాత ఇళ్ల రాతి గోడల్ని వైఫై పంపే రెండు రకాల సిగ్నళ్లలో 5 గిగాహెర్ట్జ్‌ది సరిగా దాటదు. 2.4 కొంత నయం. ఇనుప షట్టర్‌ను అలాగే ఉంచితే అటువైపు నుంచి అదీ రాదు.

గోడలు తెరిచి ఉన్నప్పుడే హాలు నుంచి షెడ్డు దాకా 25 మి.మీ. పీవీసీ పైపు వేయించండి. మలుపుల దగ్గర లాంగ్ బెండ్లే పెట్టాలి, ఎల్బో పెడితే వైరు లాగేటప్పుడు ఇరుక్కుంటుంది. కరెంటు పైపుకు జానెడైనా ఎడం ఉంచి, దాటాల్సిన చోట అడ్డంగా దాటించండి. అందులో రెండు క్యాట్ 6 (ఇంటర్నెట్) వైర్లు లాగించి, తర్వాత ఇంకో వైరు లాగడానికి ఒక నైలాన్ తాడు కూడా వదిలేయండి. రెండో వైరు స్పేర్. 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగానికి ఢోకా లేదు. కొనేముందు వైరు కొసను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, తీసుకోవద్దు.

మీ వైఫైనే అద్దెవాళ్లకు ఇవ్వాలనుకుంటే ఒక చిక్కుంది. షెడ్డులో రెండో రౌటర్ పెట్టి, మీ వైరును దాని వ్యాన్ పోర్టుకు (బయటి ఇంటర్నెట్ వైరు పెట్టే చోటు) కలిపితే వాళ్ల ఫోన్లు మీకు కనిపించవు గానీ, మీ ప్రింటరు, కెమెరా రికార్డరు వాళ్లకు అందుబాటులో ఉంటాయి. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. కనెక్షన్ మీ పేరిట ఉంటే దానిమీద జరిగే వ్యవహారాలకు మొదట అడిగేదీ మిమ్మల్నే. నా మాట: గేటు దగ్గర్నుంచి షెడ్డుకు ఫైబర్ కోసం ఖాళీ పైపు, దాని చివర ఒక ప్లగ్గు పాయింటు ఇచ్చి వదిలేయండి. కనెక్షన్ వాళ్ల పేరు మీద వాళ్లే తీసుకుంటారు.

ప్రశ్న: పోర్షన్‌కు సబ్‌మీటరు, వేరే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) పెట్టించాం. అద్దెవాళ్లు గీజర్ వేస్తే మా ఇంట్లో కరెంటు పోతోంది. మీటరు చెడిందా? (పాఠకురాలు, కర్నూలు)

జవాబు: మీటరుది తప్పు కాదు. గీజర్ పాయింటుకు ఫేజు పోర్షన్ నుంచి వచ్చి, న్యూట్రల్ మాత్రం గోడ అవతలున్న మీ బాత్రూం నుంచి తీసుంటారు. దగ్గరగా ఉందని ఎలక్ట్రీషియన్లు తరచూ చేసే పని ఇది. ఆర్‌సీసీబీ వెళ్లిన కరెంటునూ తిరిగొచ్చిన కరెంటునూ పోల్చి చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే ఆపేస్తుంది. 2,000 వాట్ల గీజర్ తీసుకునే దాదాపు 9 ఆంపియర్లు మీ న్యూట్రల్ మీదుగా వస్తుంటే అది ఊరుకుంటుందా? అదే సాకెట్లో గీజర్ బదులు ఇంకేదైనా పెట్టి చూడండి. అప్పుడూ పడిపోతే వైరింగే. పడకపోతే గీజర్ ఎలిమెంటు లీకేజీ అయ్యుండొచ్చు. రెండింటికీ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.

సబ్‌మీటరును మీరే పరీక్షించవచ్చు. దానిమీద 3200 ఇంపల్స్ (యూనిట్‌కు అన్నిసార్లు లైటు వెలుగుతుందని) అని ఉంటే, మిగతావన్నీ ఆపి 1,000 వాట్ల హీటర్ రాడ్డొకటే నీళ్లలో పెట్టి వేయండి. ఎర్రలైటు నిమిషానికి 53 సార్లు వెలగాలి. వోల్టేజీ 210కి దిగితే 44 దాకా తగ్గడం మామూలే. రాడ్డు స్విచ్చి ఆపేశాకా లైటు వెలుగుతుంటే ఇంకెవరి లోడో దానిమీదుంది.

ఇక బిల్లు సంగతి. రెండిళ్ల వాడకం ఒకే సర్వీసు మీద పడితే స్లాబు మారుతుంది. 2022లో వచ్చిన గృహ స్లాబుల ప్రకారం ఒకే మీటరు మీద 300 యూనిట్లకు వాడకం చార్జీ సుమారు రూ.1,673. చెరి 150గా రెండు సర్వీసుల మీద పడితే రెండూ కలిపి రూ.1,134. మిగతా చార్జీలు వేరే. నెలకు ఐదొందలకు పైగా తేడా! మీ కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్‌లో రెండో సర్వీసుకు దరఖాస్తు చేయండి.

ప్రశ్న: గేటు మీది కెమెరా పోర్షన్ కిటికీని కూడా చూపిస్తోంది. ఏం చేయాలి? (పాఠకుడు, కడప)

జవాబు: తిప్పేయండి. కుదరకపోతే సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్‌తో ఆ భాగం నల్లగా కప్పేయండి. అద్దెకిచ్చిన చోటు లోపలికి కెమెరా చూపు పడకూడదు.

ప్రశ్న: ప్లాను నేనే గీసుకోవడానికి ఉచిత సాఫ్ట్‌వేర్ చెప్పండి. (పాఠకురాలు, ప్రొద్దుటూరు)

జవాబు: స్వీట్ హోమ్ 3డీ. కాగితం మీది పాత ప్లానును ఫొటో తీసి నేపథ్యంగా పెట్టి, తెలిసిన ఒక గోడ పొడవు ఇస్తే స్కేలు అదే సర్దుకుంటుంది. గోడ మందం ముందే మార్చుకోండి, తొమ్మిదంగుళాల గోడంటే 23 సెం.మీ. దాన్ని వదిలేస్తే గది లోపలి కొలత తప్పుతుంది. కొలవడానికి లేజర్ మీటరు వాడండి, ఫోన్ యాప్‌లు అంగుళాల్లో తేడా చూపిస్తాయి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం ఒకే నివాస గది ఉంటే అది 9.5 చదరపు మీటర్లు, వెడల్పు 2.4, ఎత్తు 2.75 మీటర్లకు తగ్గకూడదు. షెడ్డు ఎత్తు చాలకపోతే అక్కడే ఆగి మున్సిపాలిటీలో అడగండి, అనుమతీ అక్కడే కావాలి. భూమిలోపలి సెల్లారైతే గీయకముందే అడగాలి. పైపులు వేశాక, ప్లాస్టరింగ్‌కు ముందు, ప్రతి గోడనూ టేపు పట్టి ఫొటో తీసి ఆ ప్లాను ఫైలుతోపాటే దాచండి. రేపు మేకు కొట్టాలన్నా, డ్రిల్లు వేయాలన్నా పైపు ఎక్కడుందో అందులో తెలుస్తుంది.